జూమ్ చేస్తే హద్దు రాయి జరగదు

నల్గొండ చుట్టుపక్కల ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. స్కాన్ చేసిన గ్రామ నక్షాను జూమ్ చేస్తే హద్దు రాయి పిక్సెల్ నంబర్లు, అంటే రాయి గుర్తు బొమ్మలో ఎన్నో చుక్క దగ్గరుందో చెప్పే అంకెలు, మారిపోతాయట. 100 శాతం జూమ్‌లో కనిపించేదే అసలు కొలతట. ఎంత జూమ్ చేస్తే అంత వివరం బయటపడుతుందట. క్లాక్ టవర్ దగ్గర నాకో చిన్న డీటీపీ షాపుంది. ఇది పట్టుకుని రోజూ ఎవరో ఒకరు టెన్షన్‌తో వస్తున్నారు.

ముందు పిక్సెల్ నంబర్ల సంగతి. ఏ4 కాగితాన్ని 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున, స్కాన్ చేస్తే అడ్డం 2480, నిలువు 3508 చుక్కల బొమ్మ వస్తుంది. రాయి గుర్తు ఎడమ నుంచి 620, పై నుంచి 900 దగ్గర ఉందనుకోండి. కంప్యూటర్‌లోని పెయింట్ ప్రోగ్రామ్‌లో తెరిచి జూమ్ 200 శాతం చేస్తే అది బొమ్మ అంచు నుంచి 1240, 1800 దూరంలో కనిపిస్తుంది. రెండుతో భాగిస్తే మళ్లీ 620, 900. బొమ్మను పైకి జరిపి ఉంటే, జరిపినంత కలుపుకొని భాగించాలి. ఇంత లెక్క కూడా అక్కర్లేదు, మౌస్‌ను గుర్తు మీద పెట్టి పెయింట్‌లో కింద పట్టీ చూడండి. జూమ్ ఎంతున్నా అవే అంకెలు.

నంబర్లు నిజంగా మారేది వేరే చోట. జూమ్ చేసి స్క్రీన్‌షాట్ తీస్తే అది కొత్త బొమ్మ, దాని లెక్క దానిదే. వాట్సాప్‌లో ఫొటోగా పంపినా బొమ్మ చిన్నదవుతుంది. 3508 ఎత్తు 1600కి తగ్గిందంటే, 900 దగ్గరున్న రాయి సుమారు 410కి వస్తుంది. మెసేజ్ రాసినాయన బహుశా ఇక్కడే బోల్తా పడ్డాడు. డాక్యుమెంట్‌గా పంపితే ఈ తిప్పలుండవు.

100 శాతం మాటకొస్తే, మొన్న ఒక పెద్దాయన ఏకంగా చెక్క స్కేలు తెచ్చి మానిటర్‌కు ఆనించాడు.

"తమ్మీ, 100 పెట్టు. ఇప్పుడు కొలుస్త."

పీడీఎఫ్‌లో 100 అంటే కాగితం సైజు, అదీ ఉజ్జాయింపుగా. అంగుళానికి 96 చుక్కలని లెక్కేసుకుంటే ఆ 2480 చుక్కల వెడల్పు తెర మీద 794 చుక్కల్లో ఇరుక్కుంటుంది. మానిటర్ మారితే అంగుళమూ మారుతుంది. ఆయనకు ఇదంతా ఎక్కలేదు. "200 పెడితే పొడవు రెండింతలు, వెడల్పు రెండింతలు. మీ 10 గుంటలు 40 గుంటలైతయి, అంటే ఎకరం. పాస్‌బుక్కుల ఎక్కిస్తరా?" అన్నాను. నవ్వి స్కేలు సంచిలో పెట్టుకున్నాడు.

ఇక వివరం బయటపడటం. స్కానర్ పట్టనిది జూమ్ ఎక్కడి నుంచి తెస్తుంది? రెండు చుక్కల మందమున్న గీత 400 శాతం జూమ్‌లో ఎనిమిది చుక్కల మందంగా, గళ్లు గళ్లుగానో మసకగానో కనిపిస్తుంది, అంతే. వివరం కావాలంటే 600 డీపీఐలో మళ్లీ స్కాన్ చేయించాలి. అయితే గుర్తు మీద సరిగ్గా క్లిక్ చేయడానికి జూమ్ బాగా పనికొస్తుంది. 1:5000 నక్షాను, అంటే కాగితం మీద ఒక సెంటీమీటరు నేల మీద 50 మీటర్లయ్యే నక్షాను, 300 డీపీఐలో స్కాన్ చేస్తే ఒక్క చుక్క నేల మీద 42 సెంటీమీటర్లు. చెయ్యి వణికి ఐదు చుక్కలు పక్కకు పోతే గట్టు రెండు మీటర్లు జరిగి పక్కోడి చేన్లో పడ్డట్టే.