దోమ వెతికేది తీపి రక్తాన్ని కాదు, చర్మపు వాసనను

తీపి రక్తం, ‘ఓ’ (O) బ్లడ్ గ్రూపు ఉన్నవాళ్లనే దోమలు కుడతాయనీ, వెల్లుల్లి రెబ్బలు, విటమిన్ బి మాత్రలు తింటే దగ్గరికి రావనీ వాట్సాప్‌లో ఓ మెసేజ్ తిరుగుతోంది. ఒక్కోటీ చూద్దాం.

తీపి: పరగడుపున రక్తంలో ఉండే చక్కెర లీటరుకు ఒక గ్రాము. ఒళ్లంతా కలిపినా చెంచాడు. తీపి కోసమైతే దోమకు పూల మకరందం ఉంది. మగదోమ దానితోనే బతుకుతుంది. ఆడదోమకు రక్తం కావలసింది గుడ్లకు ప్రోటీన్ కోసం. పైగా ఎవరి మీద వాలాలో అది సూది దించకముందే తేల్చుకుంటుంది.

దేన్ని బట్టి? ముందు ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను దూరం నుంచే పసిగడుతుంది. దగ్గరయ్యాక ఒంటి వేడి, చెమటలోని లాక్టిక్ ఆమ్లం, అమ్మోనియా, చర్మపు జిడ్డులోని కార్బాక్సిలిక్ ఆమ్లాలు దారి చూపుతాయి. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీ 2022లో ప్రచురించిన పరిశోధనలో 64 మంది ముంజేతులకు నైలాన్ మేజోళ్లు తొడిగి, ఆ వాసన పట్టిన ముక్కలను డెంగీ దోమ ఏడిస్ ఈజిప్టి ముందు పెట్టారు. అందరికంటే ఎక్కువగా ఆకర్షించిన మనిషికీ, తక్కువగా ఆకర్షించిన మనిషికీ తేడా వంద రెట్లకు పైనే. బాగా ఆకర్షించినవారి చర్మం మీద కార్బాక్సిలిక్ ఆమ్లాలు ఎక్కువ. నెలలు, ఏళ్లు గడిచాక పరీక్షించినా ఆ వరుస పెద్దగా మారలేదు. ఆ మేజోళ్లలో రక్తం చుక్క కూడా లేదు మరి!

ఓ గ్రూపు మాటకు కొంత ఆధారం లేకపోలేదు. 2004లో జపాన్ పరిశోధకుల పరీక్షలో ఏడిస్ ఆల్బోపిక్టస్ దోమలు ఎ గ్రూపువారి కంటే ఓ గ్రూపువారి మీద ఎక్కువ వాలాయి. కానీ ఒక్క జాతితో చేసిన పరీక్షను దోమలన్నిటికీ అంటగట్టలేం.

వెల్లుల్లి, విటమిన్ బి1: మనుషుల మీదే పరీక్షించారు, ఫలితం కనబడలేదు. వెల్లుల్లి పప్పులోకి బాగుంటుంది, అంతే.

పనిచేసేది 20–30 శాతం డీట్ లేదా 20 శాతం ఇకారిడిన్ అనే దోమల్ని తరిమే మందు ఉన్న క్రీమో, స్ప్రేనో. చర్మంపై పలుచగా, ఖాళీ వదలకుండా రాయాలి. చీలమండ దగ్గర వేలెడు జాగా మిగిలినా దోమ అక్కడే కుడుతుంది. సన్‌స్క్రీన్ వాడితే ముందు అది, తర్వాత ఇది. చెమట పట్టి కారిపోతే మళ్లీ రాయాలి. పిల్లల అరచేతులకు వద్దు, నోట్లో పెట్టుకుంటారు. కూర్చున్నచోట టేబుల్ ఫ్యాన్ కాళ్లవైపు తిప్పండి: ఊపిరీ వాసనా చెదిరిపోతాయి, ఆ గాలికి దోమ సరిగ్గా ఎగరనూ లేదు.