400 వాట్ల సోలార్‌తో ఆర్వీలో ఏసీ నడవదు, లెక్క ఇదిగో

ఈ నెల రోజుల్లో ఒకే మెసేజ్ నాకు నాలుగు గ్రూపుల్లో వచ్చింది. అమెరికాలో మనవాళ్ళు వేసవి ట్రిప్పులకని ఆర్వీలు (లోపలే వండుకుని పడుకునే, ఇల్లులాంటి బండ్లు) కొనే రోజులు కాబట్టి ఇంకొన్నాళ్ళు తిరుగుతూనే ఉంటుంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: "ఆర్వీ పైకప్పు మీద 400 వాట్ల సోలార్ ప్యానెళ్ళు, రెండు బ్యాటరీలు పెట్టుకుంటే ఏసీ, ఫ్రిజ్, మైక్రోవేవ్ అన్నీ ఫ్రీగా నడుస్తాయి. రెండు బ్యాటరీలు రాత్రంతా లాగుతాయి. జనరేటర్ అక్కర్లేదు, కరెంటున్న సైట్ బుక్ చేసుకోనక్కర్లేదు. వంగే ప్యానెళ్ళు కొని అంటించేయండి, రంధ్రాలు కూడా వేయక్కర్లేదు, ఒక్క మధ్యాహ్నంలో పని అయిపోతుంది. చవక కంట్రోలర్ (ప్యానెళ్ళ కరెంటుని బ్యాటరీకి సర్ది పంపే పెట్టె) చాలు. ఎండ ఎక్కడైనా ఎండే. పైగా 30 శాతం గవర్నమెంట్ వెనక్కిస్తుంది, ఏడాదిలో పెట్టిన డబ్బు తిరిగొచ్చేస్తుంది."

మాది బండి వెనక తగిలించి లాగే 25 అడుగుల ట్రావెల్ ట్రైలర్, డాలస్ దగ్గర ఉంటాం, దాని మీద సరిగ్గా ఆ 400 వాట్లే ఉన్నాయి. సోలార్ అంటే నాకు చాలా ఇష్టం. ఈ మెసేజ్ చూసి ఊరుకోలేకపోవడానికి కారణం, మొన్న మా ఊరి కుర్రాడొకడు ఫోన్ చేసి "అన్నా, జులైలో అమ్మానాన్న వస్తున్నారు, 400 వాట్లు పెట్టించా, ఇక హుకప్ (కరెంటు కనెక్షన్) లేని సైట్ తీసుకున్నా ఏసీకి ఇబ్బంది ఉండదు కదా" అని అడిగాడు. వాళ్ళ నాన్నగారికి 70 దాటాయి, రాత్రిళ్ళు నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి పంపే సీప్యాప్ మిషన్ పెట్టుకుని పడుకుంటారు. టెక్సస్ జులై ఎండలో ఏసీ ఆగిన ట్రైలర్ అంటే రేకుల షెడ్డే, లోపల కూర్చోలేం. ఆయన్ని అందులో కూర్చోబెట్టేవాడు పాపం, ఒక ఫార్వర్డ్ నమ్మి. అందుకే ఒక్కో మాటా తీసుకుని రాస్తున్నా.

ముందు ఏసీ సంగతి. ఆర్వీ పైన బిగించే మామూలు ఏసీ 13,500 బీటీయూ (అది ఎంత చల్లబరచగలదో చెప్పే కొలత), కొంచెం పెద్దదైతే 15,000. కంప్రెసర్ నడిచేటప్పుడు అది లాగేది సుమారు 1,300 నుంచి 1,800 వాట్లు. మన లెక్కకి 1,400 అనుకుందాం. ఇటు ప్యానెళ్ళ మీద 400 అని రాసి ఉంటుంది కదా, అది ల్యాబ్‌లో కొలిచిన అంకె. చదరపు మీటరుకు 1,000 వాట్ల వెలుగు నేరుగా పడుతూ, లోపలి సెల్ 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్నప్పుడు వచ్చేది. జులైలో పైకప్పు మీద పడుకోబెట్టిన ప్యానెల్ మీద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది, 65 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఒక్కో డిగ్రీకి దాదాపు 0.35 శాతం చొప్పున కరెంటు తగ్గుతుంది కాబట్టి ఆ 40 డిగ్రీల తేడాకే 14 శాతం పోయింది. ఇంక దుమ్ము, వైర్లు, కంట్రోలర్ తినేది వేరే. మా ట్రైలర్‌లో మిట్టమధ్యాహ్నం ఫోన్ యాప్‌లో 300 వాట్లు కనిపిస్తే అది మంచి రోజు.

ఇక్కడ చాలామంది పొరబడేది వాట్లకీ వాట్ అవర్లకీ మధ్య. కుళాయిలోంచి ఎంత ధారగా నీళ్ళు పడుతున్నాయో అది వాట్లు, సాయంత్రానికి బకెట్లో ఎన్ని చేరాయో అది వాట్ అవర్లు. మండే వేసవి రోజున ఇక్కడ ఆరు గంటల నిండు ఎండకి సమానమైన వెలుగు వస్తుందనుకుంటే, 400 ని ఆరుతో, దాన్ని 0.75 తో గుణించండి. 1,800 వాట్ అవర్లు. 1,400 వాట్ల ఏసీకి అది గంటా పావుకి సరి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పైకప్పు మీద చేరినదంతా, లైటు కూడా వేసుకోకుండా ఏసీకే ఇచ్చేస్తే, గంటా పావు!

"ఏసీ ఆగుతూ నడుస్తుంది కదా" అంటారు. ఇంట్లో ఆగుతుంది. ఆర్వీ గోడ మందం రెండు అంగుళాలు ఉంటే గొప్ప, మధ్యాహ్నం పూట కంప్రెసర్ ఆగడం తక్కువ. పగలు పదిగంటలు, అప్పుడప్పుడూ ఆగినా, పదీ పన్నెండు వేల వాట్ అవర్లు కావాలి. పన్నెండు వేలు రావాలంటే దాదాపు 2,700 వాట్ల ప్యానెళ్ళు పెట్టాలి. 100 వాట్ల ప్యానెల్ ఆరు చదరపు అడుగులు ఆక్రమిస్తుంది, కాబట్టి 160 చదరపు అడుగులు కావాలి. మా ట్రైలర్ కప్పు మొత్తం 200. అందులో ఏసీ డబ్బా, రెండు వెంట్ ఫ్యాన్లు, బాత్రూమ్ స్కైలైట్, పైపు గొట్టాలు, యాంటెన్నా, నేను నడవడానికి కాస్త దారి పోనిస్తే ఇంకెక్కడ పెడతాం? పెద్ద ఫిఫ్త్ వీల్ (పికప్ ట్రక్కు లాగే భారీ ట్రైలర్) మీద 1,500, 2,000 వాట్లు పరిచి, కింద భారీ లిథియం బ్యాటరీలు పెట్టుకుని మధ్యాహ్నం కొన్ని గంటలు ఏసీ నడుపుకునేవాళ్ళు ఉన్నారు, అది నిజమే. వాళ్ళ ఖర్చూ వేరు, వాళ్ళ బండీ వేరు. వాళ్ళ వీడియో చూసి దాని కింద 400 అని రాసి పంపిస్తే ఎలా?

సాఫ్ట్ స్టార్టర్ పెడితే సరిపోతుందని ఇంకో సలహా దాని వెనకే వస్తుంది. సాఫ్ట్ స్టార్టర్ మంచి వస్తువు, కంప్రెసర్ లేచే క్షణంలో ఒక్కసారిగా లాగే కరెంటుని తగ్గిస్తుంది, చిన్న జనరేటర్ మీద కూడా ఏసీ స్టార్ట్ అవుతుంది. కానీ లేచాక నడవడానికి కావాల్సిన 1,400 అలాగే ఉంటుంది. అందులో తగ్గేదేం లేదు.

పైగా జులైలో ఎవరైనా చెట్టు నీడ చూసుకునే ఆపుతారు. నీడలో ట్రైలర్ చల్లగా ఉంటుంది, ప్యానెళ్ళు మాత్రం పడుకుంటాయి. మేము ఒకసారి ఓక్ చెట్టు కింద ఆపితే 400 వాట్ల నుంచి 40 వచ్చింది, ఆకుల సందుల్లోంచి ఎండ జారినప్పుడు ఓ నిమిషం 90. మొత్తం కప్పు మీద చెట్టే ఉండాలని కూడా లేదు, సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కలిపిన ప్యానెళ్ళ మీద ఏసీ డబ్బా నీడ ఒక మూల పడినా తేడా కనిపిస్తుంది. దీనికి ఉన్న ఉపాయం సూట్‌కేస్‌లా మడిచే ప్యానెల్ ఒకటి, పొడుగు కేబుల్ ఒకటి. బండి నీడలో, ప్యానెల్ ఎండలో. నేను ఇప్పుడు చేసేది అదే.

"రెండు బ్యాటరీలు రాత్రంతా లాగుతాయి." ఏ బ్యాటరీలు? మామూలు లెడ్ యాసిడ్‌వి, 12 వోల్టులు, 100 యాంప్ అవర్లవి రెండైతే 2,400 వాట్ అవర్లు, కానీ సగం కంటే దించితే త్వరగా పాడవుతాయి కాబట్టి వాడుకునేది 1,200. లిథియం రెండైతే 2,560, దాదాపు అంతా వాడుకోవచ్చు. ఇన్వర్టర్ తినేది కూడా కలిపి చూస్తే లిథియం మీదైనా ఏసీ గంటన్నర దాటి కొంచెంసేపు. అదీ ఫ్రిజ్, లైట్లు అన్నీ ఆపేసి. రాత్రి తొమ్మిదికి మొదలుపెడితే పదకొండు కాకముందే అయిపోతుంది.

మెసేజ్ చెప్పని ఇంకో సంగతి ఇన్వర్టర్ ఖాళీగా ఉన్నా తింటుంది. 2,000 వాట్ల ఇన్వర్టర్ ఆన్‌లో ఉంచి ఏమీ వాడకపోయినా 20 వాట్ల చొప్పున లాగితే రోజుకి 480 వాట్ అవర్లు, అంటే మన 1,800 లో పావు వంతు పైనే. అందుకే ఆ కుర్రాడికి చెప్పా, నాన్నగారి సీప్యాప్‌ని ఇన్వర్టర్ మీద పెట్టకు, దాని 12 వోల్టుల అడాప్టర్ కొను, నీళ్ళు వేడి చేసే హ్యుమిడిఫయర్ లేకుండా పడుకోవడానికి కుదురుతుందేమో ముందే డాక్టర్ని అడుగు, కుదిరితే ఎనిమిది గంటలకి సుమారు 300 వాట్ అవర్లు, హాయిగా గడిచిపోతుంది అని. చలికాలంలో ఇంకో శత్రువు ఫర్నేస్ (ట్రైలర్‌ని వేడి చేసే హీటర్) ఫ్యాన్. వేడి ప్రొపేన్ గ్యాస్ నుంచే వస్తుంది, కానీ దాన్ని ఊదే ఫ్యాన్ 12 వోల్టుల మీద ఏడు యాంపుల దాకా లాగుతుంది, తెల్లవారేసరికి బ్యాటరీ ఎందుకు పడిపోయిందో అర్థం కాక కొత్తవాళ్ళు ప్యానెళ్ళని తిడతారు.

ఇప్పుడు నన్ను నిజంగా బాధపెట్టిన పాయింట్, అంటించేయడం.

మా మొదటి సెట్ నేను పెట్టలేదు, తెలిసినవాళ్ళు చెప్పిన షాపులో పెట్టించా. వంగే ప్యానెళ్ళే. కప్పు మీద నేరుగా అంటించారు, కేబుల్ లోపలికి దించడానికి మాత్రం ఒక రంధ్రం, దాని చుట్టూ బాత్రూమ్ టైల్స్‌కి పూసే సిలికాన్. రెండో వేసవికే ప్యానెళ్ళ మీద గోధుమరంగు మచ్చలు వచ్చాయి, కింద గాలి ఆడక వేడి అందులోనే ఉండిపోతుంది కదా. ఆ ఏడాది వానలయ్యాక మంచం పైన సీలింగ్‌లో టీ ఒలికినట్టు ఒక మరక కనిపించింది. పైకెక్కి మోకాలు ఆనిస్తే కప్పు మెత్తగా లోపలికి దిగింది, కింద ప్లైవుడ్ నానిపోయి ఉంది. ప్యానెల్ పీకితే దాని జిగురుతోపాటు రబ్బరు పొర కూడా చీరుకుంటూ వచ్చింది. అప్పటికి సోలార్ మీద పెట్టినదాని కంటే కప్పు బాగుచేయడానికి ఎక్కువైంది.

చాలా ట్రైలర్ల కప్పు ఈపీడీఎం అనే రబ్బరు పొర గానీ, టీపీఓ అనే ప్లాస్టిక్ పొర గానీ, కొన్నిటికి ఫైబర్‌గ్లాస్. మీదేదో ముందు తెలుసుకోండి, ఎందుకంటే ఒకదానికి పట్టే సీలెంట్ ఇంకోదానికి పట్టదు, ఈపీడీఎంకి పెట్రోలియం రకం ద్రావకాలు తగిలితే ఉబ్బిపోతుంది. ఇప్పుడు మా మీద ఉన్నవి గట్టి గాజు ప్యానెళ్ళు, ఒక్కోటి 15 పౌండ్ల లోపే, నాలుగూ కలిపి ఒక చిన్న పిల్లాడి బరువు, "కప్పు మోయదు" అన్న భయం అక్కర్లేదు. జెడ్ ఆకారం బ్రాకెట్లు, ప్రతి బ్రాకెట్ కింద బ్యూటైల్ టేపు, స్క్రూలు చెక్క సపోర్ట్ ఉన్నచోటే, పైన దానంతటదే సర్దుకుని పరుచుకునే ఆర్వీ సీలెంట్ స్క్రూ తల మునిగేదాకా. ప్యానెల్‌కీ కప్పుకీ మధ్య రెండు వేళ్ళు పట్టే ఖాళీ, గాలి ఆడుతుంది. అవును, 16 రంధ్రాలు వేశా. ఆరు నెలలకోసారి ఎక్కి ప్రతి ఒక్కదాన్నీ వేలితో తడిమి చూస్తా. ఇప్పటిదాకా చుక్క నీరు దిగలేదు.

చవక కంట్రోలర్ గురించి: 18 వోల్టుల దగ్గర 5.5 యాంపులిచ్చే 100 వాట్ల ప్యానెల్‌ని పీడబ్ల్యూఎం అనే చవక రకం కంట్రోలర్ బ్యాటరీ వోల్టేజికి, అంటే 13 కి లాగేస్తుంది, చేతికొచ్చేది 72 వాట్లు. ఎంపీపీటీ అనే ఇంకో రకం కంట్రోలర్ ఆ పోయేదాన్ని చాలావరకు పట్టుకుంటుంది. 100 వాట్ల బుజ్జి సెట్‌కైతే పీడబ్ల్యూఎం పెట్టుకోండి, తప్పులేదు. 400 కి వద్దు. వైర్ల విషయంలో మాత్రం "ఏదో ఒకటి" అనకండి. 2,000 వాట్ల ఇన్వర్టర్ 12 వోల్టుల మీద 170 యాంపులకు పైగా లాగుతుంది, దానికి బొటనవేలంత లావు రాగి కేబుల్, బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండి తీరాలి. సన్న వైరు వేడెక్కి కాలేది పిల్లలు పడుకునే మంచం కింద.

"ఎండ ఎక్కడైనా ఎండే." చలికాలం అరిజోనా వెళ్దామనుకునేవాళ్ళు ఇది చూడండి. ఫీనిక్స్ దాదాపు 33 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, డిసెంబరు చివర్లో మధ్యాహ్నం కూడా సూర్యుడు 33 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. పడుకోబెట్టిన ప్యానెల్ మీద అప్పుడు నేరుగా పడే వెలుగు, ఎదురుగా నిలబెట్టినప్పటితో పోలిస్తే సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. పగలు కూడా చిన్నది. ప్యానెల్‌ని వాల్చి నిలబెట్టే బ్రాకెట్లు అప్పుడు నిజంగా పనికొస్తాయి. కొలరాడో, ఎల్లోస్టోన్ వైపు వెళ్తే ఇంకొకటి, లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల సెల్సియస్ కంటే కింద ఛార్జ్ చేయకూడదు. మంచి బ్యాటరీ తనే ఆపేసుకుంటుంది, చవకది ఆపుకోక పాడైపోతుంది.

30 శాతం పన్ను క్రెడిట్ అయిపోయింది. 2025 జులై 4 న సంతకమైన చట్టంతో, 2025 డిసెంబరు 31 తర్వాత పెట్టిన ఖర్చుకి అది వర్తించదు. ఉన్నప్పుడు కూడా గవర్నమెంట్ చెక్కు పంపేది కాదు, మీరు కట్టాల్సిన పన్నులోంచి తగ్గేది. ఇంకా దాన్ని చూపించి అమ్ముతున్నవాళ్ళ దగ్గర కొనకండి.

ఏడాదిలో డబ్బు తిరిగి రావడం కూడా అంతే. మొత్తం 1,500 డాలర్లు అయిందనుకుందాం, కరెంటున్న సైట్‌కీ లేనిదానికీ తేడా రాత్రికి 25 డాలర్లు అనుకుందాం, 60 రాత్రులు బయట పడుకోవాలి. ఉద్యోగం, పిల్లల బడి ఉన్న ఇంట్లో ఏడాదికి 12 రాత్రులు కుదిరితే గొప్ప. ఐదేళ్ళు.

మరి నేనెందుకు పెట్టుకున్నానంటే, గ్రాండ్ కాన్యన్‌లో మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో హుకప్పులు లేవు, యోసెమిటీలో అసలే లేవు, ఎల్లోస్టోన్‌లో ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక్కటే ఉంది. జనరేటర్ వేసుకోవడానికి కూడా టైములు ఉంటాయి. అలాంటిచోట లైట్లు, నీళ్ళ పంపు, 12 వోల్టుల ఫ్రిజ్, వెంట్ ఫ్యాన్, ఫోన్లు, అన్నీ ఈ 400 వాట్ల మీదే మాకు చప్పుడు లేకుండా నడుస్తాయి. పొద్దున్నే మా ఆవిడ మిక్సీలో పల్లీ చట్నీ వేస్తుంది, 750 వాట్ల మిక్సీ నాలుగు నిమిషాలు నడిస్తే 50 వాట్ అవర్లు, తొమ్మిదిన్నరకల్లా ఎండ దాన్ని తిరిగి నింపేస్తుంది. అన్నం కుక్కర్ మాత్రం ప్రొపేన్ స్టవ్ మీదే.

ఆ కుర్రాడు జులైకి 30 యాంపుల కరెంటున్న సైట్‌కి మార్చుకున్నాడు. అమ్మానాన్న అక్టోబరు దాకా ఉంటారట, అప్పుడు గ్రాండ్ కాన్యన్ వెళ్తామని, సీప్యాప్ అడాప్టర్ ఏది కొనాలో మోడల్ నంబర్ ఫొటో తీసి పంపాడు.