దశావతారాలూ, పదంకెల కోడూ

కొండపల్లి దశావతారాల బొమ్మల సెట్టు ఒకటి జర్మనీలో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబానికి అమ్ముడుపోయింది. అమ్మింది విజయవాడలో ఆన్‌లైన్ దుకాణం నడిపే, నాకు తెలిసిన ఒక కుర్రాడు. డబ్బు అందింది, పెట్టె కట్టడం కూడా పూర్తయింది, సరిగ్గా అప్పుడు కొరియర్ సంస్థ నుంచి ఒక ప్రశ్న వచ్చింది: ‘‘ఇది ఆటవస్తువా, అలంకార వస్తువా, పండుగ వస్తువా? మూడింటిలో ఒకటి మాత్రమే తెలుపగలరు.’’ తరతరాలుగా ఆ బొమ్మలు చెక్కుతున్నవాళ్లకు గాని, సంక్రాంతికి వాటిని కొలువులో నిలబెట్టి, పండుగ వెళ్లాక అద్దాల బీరువాలోకి మార్చి, మధ్యలో పిల్లలు ఎత్తుకుపోయి ఆడుకుంటుంటే కేకలేసే తల్లులకు గాని ఇన్నాళ్లూ తట్టని సందేహమిది. ఐరోపా సమాఖ్యకు తట్టింది. అంతటి పెద్దలకు తట్టిన సందేహం లోతైనదే అయి ఉంటుంది గనుక, దానికి తగిన గౌరవం ఇచ్చి విచారించడం మన కనీస ధర్మం.

దేశాల సరిహద్దులు దాటి అమ్ముడయ్యే ప్రతి వస్తువుకూ, అది ఏ రకం సరుకో కస్టమ్స్ వాళ్లకు చెప్పే ఆరంకెల హెచ్‌ఎస్ కోడ్ ఒకటి ఉంటుంది. ఐరోపా సమాఖ్య దానికి మరో రెండంకెలు తగిలించి ఎనిమిది చేసింది; దిగుమతులకు ఇంకో రెండు తగిలించి, పదంకెల టారిక్ కోడ్‌ను లోకానికి ప్రసాదించింది. అవతారాలూ పదే, అంకెలూ పదే కావడం కేవలం కాకతాళీయమని నాస్తికులు అనవచ్చు. ఈ పట్టికను తయారు చేసినవాళ్లకు మన వస్తువులు తెలియవనుకుంటే పొరపాటు. అందులో మామిడి చట్నీకి ఒక ప్రత్యేక కోడ్ ఉంది, జారుగా ఉండే మామిడి చట్నీకి వేరే పుటలో మరో ప్రత్యేక కోడ్ ఉంది. ఆవకాయకు మాత్రం లేదు, ఎందుకంటే గట్టి చట్నీ కూర్చున్న వరుస వెనిగర్‌తో నిలవచేసిన వాటిది. ఆవకాయలో వెనిగర్ పోసేవాడు మన వైపు ఇంకా పుట్టలేదు, పుట్టినా వాడింట్లో ఎవరూ చెయ్యి కడగరు.

సరే, ఆటవస్తువు అనే అనుకుందాం. ఆ పట్టికలో ఆటవస్తువులుండే 9503 శీర్షిక కిందికి పోవాలి. అక్కడికి వెళ్లగానే ఇంకో గుమ్మం ఎదురవుతుంది: ‘మనుషులను మాత్రమే సూచించే బొమ్మలు’ ఒక గదిలో, ‘జంతువులను గాని, మనుషులు కాని జీవులను గాని సూచించే బొమ్మలు’ మరో గదిలో. ఇది నా కల్పన కాదు, అక్షరాలా ఆ పట్టికలో ఉన్న విభజనే. ఇక సరిహద్దు దగ్గర మన పెట్టె విప్పిన అధికారి పరిస్థితిని ఊహించుకోండి. మొదట మత్స్యావతారం: నడుము పైన దేవుడు, కింద చేప. అధికారి దాన్ని పక్కన పెట్టి కూర్మాన్ని తీస్తాడు. అదీ అదే వరస. వరాహాన్ని చూసి జంతువుల గది వైపు ఒకడుగు వేసి, నాలుగు చేతులు లెక్కపెట్టి ఆగిపోతాడు. తరువాత పెట్టెలోంచి నరసింహస్వామి బయటికి వస్తాడు.

నరుడూ కాదు, మృగమూ కాదు. సరిగ్గా ఈ వర్గీకరణను నమ్ముకునే పూర్వం హిరణ్యకశిపుడు నిశ్చింతగా రాజ్యం చేశాడు. ఆయన వరంలో కూడా ఈ రెండు గదులే ఉన్నాయి, మూడో గది లేదు. ఇంటా బయటా కాని చోటు కావాలంటే అక్కడ గడప దొరికింది, ఇక్కడ సుంకం తేలేదాకా సరుకును ఉంచే గిడ్డంగి ఉంది. అందులో ఉన్న పార్సెల్ భూగోళం ప్రకారం యూరప్‌లోనే ఉంటుంది, చట్టం ప్రకారం ఇంకా విపణిలోకి విడుదల కాలేదు. మరి పగలూ రాత్రీ కాని వేళ? ఇక్కడ సాయంత్రమై అక్కడ ఇంకా మధ్యాహ్నం కాగా, ఇద్దరిలో ఎవరూ ఫోను ఎత్తని సమయం ఉంది చూశారూ, అదే. ఇన్ని లక్షణాలు ఒకచోట కుదిరాక జరగవలసింది ఏమిటో భాగవతం చెబుతుంది గాని, కస్టమ్స్ నియమావళి అందుకు ఒప్పుకోదు. కుర్రాడు కొండపల్లి బొమ్మల కాలనీకి ఫోను చేసి, ‘‘బాబాయ్, మన నరసింహస్వామిని మనిషి కింద రాయాలా, జంతువు కింద రాయాలా?’’ అని అడిగాడు. అవతలినుంచి, ‘‘ముందు నువ్వెవరి కింద లెక్కో తేల్చుకోరా నాయనా, రంగు ఆరిపోతోంది’’ అన్న జవాబు వచ్చింది.

మిగిలిన అవతారాల సంగతి ఇంకా ఉంది. పరశురాముడి గొడ్డలీ, వామనుడి గొడుగూ ఊడిపోతే, మూడేళ్లలోపు పిల్లల గొంతులో ఇరుక్కునేంత చిన్నవా అని కొలిచే గొట్టం ఒకటి ఉంటుంది, దానిలో వేసి చూడాలి. రంగుల్లోంచి 19 రకాల మూలకాలు ఎంతెంత ఊడి వస్తాయో పరీక్షించాలి. అవన్నీ గట్టెక్కాక, ఐరోపా భద్రతా నియమాలకు లోబడి ఉందని చాటే సీఈ గుర్తు వేయాలి, ఆ కాగితాలు పదేళ్లు దాచాలి. కల్కి మాత్రం అదృష్టవంతుడు. సరుకు చేరకముందే ఇవ్వవలసిన ప్రకటన ఒకటి అక్కడ తప్పనిసరి, ఇంకా రాని అవతారానికి అంతకన్నా అనువైన పత్రం మరొకటి లేదు.

పిల్లల గొంతుల మీద యూరప్‌కు ఉన్న శ్రద్ధను నేను ఎగతాళి చేయను. ఆ పరీక్ష మన దగ్గరా ఉండవలసిందే. ఒక నమూనాను పరీక్షించి ఒకే అచ్చులో లక్ష బొమ్మలు పోసేవాడికి ఆ ఖర్చు బొమ్మకు పైసల్లో తేలుతుంది. కానీ తెల్లపొణికి కర్రను ఆరబెట్టి, ఒక్కో అవయవం విడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికించి, సున్నం పూసి, ఒక్కో కనురెప్పనూ కుంచెతో దిద్దేవాడి చేతిలో ఏ రెండు బొమ్మలూ ఒకలా రావు. వాడు వేటిని పరీక్షకు పంపాలి?

ఆట వద్దు, అలంకార వస్తువు అందాం. 4420 శీర్షిక: చెక్కతో చేసిన ప్రతిమలు, ఇతర అలంకారాలు. సీఈ గుర్తు గొడవ పోయింది, హమ్మయ్య అనుకునేలోగా అడవుల నరికివేతను అడ్డుకునే 2023 నాటి చట్టం వచ్చి పక్కన కూర్చుంటుంది, ఎందుకంటే దాని జాబితాలో 4420 ఉంది. ఆ చట్టం 2024 చివర్లో అమలు కావలసింది, రెండుసార్లు వాయిదా పడి, పెద్ద సంస్థలకు 2026 డిసెంబరు 30కి చేరింది. దాని ప్రకారం, చెక్క ఏ భూమిలో పెరిగిందో అక్షాంశ రేఖాంశాలతో సహా చెప్పాలి. కొండల్లో పెరిగిన పొణికి చెట్టు ఎక్కడ నిలబడిందో, దాన్ని కొట్టి తెచ్చినవాడి కాళ్లకు తెలుసు, ఉపగ్రహానికి తెలియదు. అదే ముక్కను ఆటవస్తువు అంటే ఆ చెట్టు చిరునామా ఎవరికీ అక్కర్లేదు. అడవిని కాపాడటానికి ఇంత నిఖార్సైన పద్ధతి మరొకటి ఉండదు.

పండుగ వస్తువు అంటే 9505. అందులో మొదటి వరుస క్రిస్మస్‌ది. పశువుల పాకలో బాలయేసు చుట్టూ నిలబడే బొమ్మలకూ, అక్కడి ఆవుకూ గాడిదకూ అందులో స్థిరమైన చోటుంది. మన కొలువులోని ఆవు ‘ఇతరములు’ అన్న వరుసలో నిలబడి, తాను ఏ పండుగకు పనికొస్తుందో రుజువు చేసుకోవాలి.

కోడ్ తేలాక పన్ను. 22 యూరోల లోపు పార్సెళ్లకు వ్యాట్ లేని రోజులు 2021 జూన్ 30తో పోయాయి. ఇప్పుడు ప్రతి పెట్టెకూ, అది చేరే దేశపు రేటు ప్రకారం వ్యాట్ కట్టాలి: లక్సెంబర్గ్‌లో 17 శాతం, జర్మనీలో 19, ఫిన్లాండ్‌లో 25.5, హంగరీలో 27. 150 యూరోల లోపు అయితే, అన్ని దేశాల వ్యాట్‌నూ ఒకేచోట కట్టేందుకు ఐఓఎస్ఎస్ అనే ఏకగవాక్షం ఉంది. ఏకగవాక్షమంటే ఒకే కిటికీ అని మనవాళ్లు సంతోషిస్తారు గాని, ఆ కిటికీ దగ్గర నిలబడటానికి మనలాంటి బయటివాళ్లు అక్కడ ఒక మధ్యవర్తిని జీతమిచ్చి పెట్టుకోవాలి. ప్రతి నెలా రిటర్ను వేయాలి. ఒక్క బొమ్మా అమ్మని నెలలో కూడా, అమ్మలేదని చెబుతూ వేయాలి. ఆ కిటికీ వద్దనుకుంటే పన్ను కొన్నవారి గుమ్మం దగ్గర వసూలవుతుంది, ఆ పన్నును ముందుగా కట్టిన పుణ్యానికి కొరియర్ వాడి రుసుము అదనం. ఒక్కోసారి పన్ను కన్నా ఆ రుసుమే పెద్దది. కొన్నావిడ విసిగి వద్దని తిప్పి పంపితే, తిరిగొచ్చిన బొమ్మ కొండపల్లిలోనే పుట్టి, ఇక్కడినుంచే వెళ్లిందని మన కస్టమ్స్‌కు మనమే కాగితాలతో నిరూపించాలి.

అట్టపెట్టెను జర్మనీ ప్యాకేజింగ్ రిజిస్టరులో నమోదు చేయించడం గురించి ఇక చెప్పను.

చెప్పవలసింది ‘బాధ్యుడు’ గురించి. 2024 డిసెంబరు 13 నుంచి అమలైన సాధారణ ఉత్పత్తి భద్రతా నిబంధన ప్రకారం, ఐరోపా సమాఖ్యలో చిరునామా ఉన్న ఒక బాధ్యుడి పేరు ప్రతి వస్తువు మీద గాని, దాని పెట్టె మీద గాని, వెంట వచ్చే కాగితం మీద గాని ఉండాలి, అమ్మకం పేజీలోనూ ఉండాలి. చెక్కినవాడి పేరు బొమ్మ మీద ఏనాడూ లేదు. ఆ బొమ్మను ఎన్నడూ చూడని, ఏటా రుసుము పుచ్చుకునే ఏదో నగరపు సంస్థ పేరు మాత్రం ఉండి తీరాలి. ఆ నెలలోనే చేతిపనులు అమ్ముకునే చిన్నవాళ్లు ఎందరో యూరప్‌కు పంపడం మానేశారు.

ఇదంతా ఎవరి కోసం? 2024లో ఆ సమాఖ్యలోకి 150 యూరోల లోపు పార్సెళ్లు సుమారు 460 కోట్లు వచ్చాయి, అందులో 91 శాతం చైనా నుంచే. ఆ వరదను ఆపలేక, 2026 జూలై 1 నుంచి చిన్న పార్సెళ్లలో ఒక్కో రకం వస్తువుకు 3 యూరోల సుంకం వేయాలని నిర్ణయించారు. వరద పంపినవాడికి యూరప్ లోపలే గిడ్డంగులున్నాయి, న్యాయవాదులున్నారు, బాధ్యులు టోకున దొరుకుతారు. వాడికి 3 యూరోలు ఖర్చుల పట్టికలో ఒక గడి. ఆరు యూరోల ఎడ్లబండి బొమ్మ అమ్మేవాడికి అది సగం ధర! వాడి నేరమేమిటి? ఏడాది పొడవునా చేసినా ఒక్క కంటెయినర్ కూడా నిండనంత నెమ్మదిగా చేతులతో చేయడమా? ఆ చేతులకు దక్కే కూలి చూసి పిల్లలు ఉలి ముట్టడం మానేస్తున్నారు. ఇలాంటి పనితనం అంతరించిపోతోందని సదస్సుల్లో కన్నీరు పెట్టే పెద్దమనుషులే, దానికి దొరికిన ఒక్క మంచి బేరానికి ఇన్ని తాళాలు వేశారు. సిగ్గుండాలి.

మన వాళ్లేమైనా తక్కువా? కొండపల్లి బొమ్మ ఫొటో లేని ఎగుమతి ప్రోత్సాహక పోస్టరు కనిపించదు. ‘ఒక జిల్లా, ఒక ఉత్పత్తి’ అంటారు; ఆ ఒక్క ఉత్పత్తికి అక్కడ ఒక్క బాధ్యుణ్ని పెట్టి, ఒక్క మధ్యవర్తి రుసుము కట్టి, అందరి బొమ్మలకూ కలిపి ఒక్క పరీక్ష చేయించే ఆఫీసు ఎక్కడుందో చెప్పమంటే ఎవరూ చెప్పరు. ఈమధ్య ‘యూరప్‌కు అమ్ముదాం రండి’ అన్న ఆన్‌లైన్ సదస్సుకు మన కుర్రాడు డబ్బు కట్టి హాజరయ్యాడు. వక్త గారు రెండు గంటలు ఆత్మవిశ్వాసం గురించి మాట్లాడారు. చివర్లో కుర్రాడు నరసింహస్వామి కోడ్ ఏమిటని అడిగితే, అది అడ్వాన్స్‌డ్ కోర్సులో వస్తుందన్నారు. సదస్సు రుసుము మీద 18 శాతం జీఎస్టీ మాత్రం, ఏ ప్రశ్నా అడగకుండా, అక్కడికక్కడే పట్టుకున్నారు.