చదివిన కవితే మళ్ళీ మళ్ళీ: హైదరాబాద్ సభల్లో కవి సంకటం

హైదరాబాద్‌లో కవిత్వం వినాలనుకునేవారికి వేదికల కొరత లేదు. రవీంద్రభారతి, చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, బొగ్గులకుంటలో తెలంగాణ సారస్వత పరిషత్తు, బంజారాహిల్స్‌లో 2010 నుంచి నడుస్తున్న లామకాన్ ఉన్నాయి. ఇవి కాక కాలేజీ సెమినార్ హాళ్ళూ, గ్రంథాలయాలూ, ఓపెన్ మైక్‌లు పెట్టే కాఫీ షాపులూ ఉన్నాయి. ఉగాదికి కవి సమ్మేళనం, జూన్ 2న రాష్ట్ర అవతరణ సందర్భంగా మరొకటి, సెప్టెంబర్ 9న కాళోజీ జయంతికి ఇంకొకటి, చలికాలంలో పుస్తక ప్రదర్శన ప్రాంగణంలో సభలు, వీటి మధ్యలో పుస్తకావిష్కరణలు. కాస్త పేరున్న కవికి ఏడాది పొడవునా పిలుపులు వస్తూనే ఉంటాయి. అదే కవిని సభ ముగిశాక ఈమధ్య ఏం రాస్తున్నారని అడిగితే మాత్రం చాలాసార్లు సూటి జవాబు రాదు. పని ఒత్తిడి, ఉద్యోగం, ఇల్లు అని చెప్పి మాట మారుస్తారు. ఆ కారణాలు అబద్ధాలు కావు. అయితే ఆ మౌనానికీ, అంతకుముందు హాలులో మోగిన చప్పట్లకూ ఉన్న సంబంధాన్ని మన సాహిత్య సమాజం ఎన్నడూ నిదానంగా పరిశీలించలేదు.

సమస్యను సాధారణంగా సమయానికి కుదిస్తారు. సభకు వెళ్తే ఒక సాయంత్రం పోతుంది నిజమే. మియాపూర్‌లో ఉండే కవి చిక్కడపల్లి సభకు వచ్చి వెళ్ళాలంటే మెట్రో ఉన్నా రాత్రి భోజనం వేళ దాటుతుంది. కానీ సాయంత్రాలు మిగిలితే కవితలు పుడతాయన్న హామీ లేదు, పదవీ విరమణ తర్వాత తీరిక దొరికీ రాయలేకపోయిన కవులు మనకు తక్కువ మంది కాదు. అసలు చిక్కు మనఃస్థితిలో ఉంది. వేదిక ఎక్కిన కవికి తన కవిత మీద పూర్తి నమ్మకం ఉండాలి. ఏ పాదం దగ్గర ఆగాలో, ఏ మాట మీద గొంతు పెంచాలో తెలిసి ఉండాలి. కొత్త కవిత రాయడానికి కూర్చున్న కవికి ఇందులో ఏదీ ఉండదు. ఏం చెప్పబోతున్నాడో తెలియదు, మొదటి పాదం నిలుస్తుందో లేదో తెలియదు, నాలుగు రోజులు మోసిన భావం అయిదో రోజు చప్పగా అనిపించవచ్చు. శనివారం సభలో నిండు నమ్మకంతో నిలబడిన మనిషి ఆదివారం ఉదయం ఆ అనిశ్చితిలోకి తనంతట తానుగా దిగాలి. నెలకొకసారి అయితే దిగగలడు. వారానికొకసారి నమ్మకం, మధ్యలో అనిశ్చితి అన్న పద్ధతి ఏళ్ళ తరబడి సాగితే మనసు సహజంగానే సుఖంగా ఉన్న చోటే నిలుస్తుంది.

సభల నిర్మాణం దీనికి తోడవుతుంది. ఒక్కో కవి సమ్మేళనంలో ఇరవై ముప్పై మంది కవులు ఉంటారు, ఒక్కొక్కరికి దక్కేది అయిదు నిమిషాలు, అధ్యక్షోపన్యాసం సాగితే అదీ మూడు నిమిషాలకు తగ్గుతుంది. ఆ మూడు నిమిషాల్లో ఎవరూ ప్రయోగం చేయరు. ఇదివరకు మెప్పు పొందిన కవితనే తీస్తారు. శ్రోత కూడా దాన్నే కోరుకుంటాడు, అందులో అతని తప్పేమీ లేదు. పద్య నాటకాల కాలంలో రాగం తీసిన నటుణ్ణి వన్స్ మోర్ అని మళ్ళీ పాడించుకున్న జాతి మనది. ఇదే నగరంలో ముషాయిరాలకు, అంటే ఉర్దూ కవి సమ్మేళనాలకు, వచ్చేవారు ముకర్రర్ (మళ్ళీ) అంటూ షేర్‌ను, అంటే రెండు పాదాల పద్యాన్ని, రెండోసారి చదివించుకుంటారు. తెలిసిన దాన్ని మళ్ళీ వినడంలో ఉన్న ఆనందం నిజమైనది, దాన్ని చిన్నచూపు చూడనక్కరలేదు. కవి దాన్ని తన రచనకు కొలబద్దగా చేసుకున్నప్పుడే చిక్కు మొదలవుతుంది.

కొన్నేళ్ళుగా మన వచన కవితలో వచ్చిన ఒక మార్పును ఇక్కడ గుర్తించాలి. వేదిక మీద ఎక్కువగా చదివే కవుల కొత్త కవితలను వారి పాత సంపుటాలతో పోల్చి చదివితే ఈ తేడా తెలుస్తుంది. ప్రతి ఖండిక చివరా ఒకే పాదం తిరిగి వస్తుంది. వాక్యాలు పొట్టివవుతాయి. వరసగా మూడు ఉపమానాలు, మూడోది అన్నిటికన్నా గట్టిది. ముగింపు పాదం చప్పట్లకు చోటిచ్చేలా తెగుతుంది. చెవికి అందని పోలికలు, వాక్యం మధ్యలో మలుపు తిరిగే ఆలోచన, రెండోసారి చదివితేనే తెలిసే అర్థం క్రమంగా జారిపోతాయి. ఎవరూ పనిగట్టుకుని ఇలా చేయరు. ఏ పాదం దగ్గర హాలు కదిలిందో కవి శరీరం గుర్తుపెట్టుకుంటుంది, తర్వాతి కవిత రాసేటప్పుడు ఆ జ్ఞాపకమే కలాన్ని నడుపుతుంది. అలా వచ్చిన కవిత తన పాత కవితకే నకలని కవికి ముందుగా తెలుస్తుంది, విమర్శకుడికి ఆ తర్వాతే. ఆ సంగతి తెలిసిన కవి రెండు పాదాలు రాసి కొట్టేస్తాడు, మళ్ళీ రాసి మళ్ళీ కొట్టేస్తాడు. బయటి నుంచి చూసేవారికి అది రాయలేకపోవడంగా కనిపిస్తుంది. నా దృష్టిలో అది కవి నిజాయతీకి గుర్తు. తన నకలును తానే తిరస్కరిస్తున్న కవిని ఎండిపోయిన కవి అనడం అన్యాయం.

వేదిక స్వభావమే సృజనకు విరుద్ధమని వాదిస్తే మన సంప్రదాయం ఒప్పుకోదు. తెలుగువారికి సొంతమని చెప్పుకునే అవధానంలో కవిత్వం పుట్టేదే సభలో. నిషిద్ధాక్షరి, సమస్యాపూరణం, దత్తపది, వర్ణన అంటూ పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు వేసేవారు, అడ్డంకులు వేస్తుంటే, అవధాని ఆ క్షణంలో పద్యం అల్లి, చివరికి ధారణలో అన్నీ వరసగా అప్పజెప్పాలి. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి సంస్థానాల్లో తిరిగి అవధానాలు చేసి కవిత్వాన్ని పండితుల గోష్ఠి నుంచి జనం మధ్యకు తెచ్చారు. తెలంగాణలో గద్వాల, వనపర్తి వంటి సంస్థానాలు అలాంటి విద్యకు ఆదరణ ఇచ్చాయి. అయితే ఆ జంట కవులు ఆశువుగా చెప్పిన వేలాది పద్యాల్లో సామాన్యుల నోట నిలిచినవి ఎన్ని? నిలిచినవి పాండవోద్యోగ విజయాల పద్యాలు, అంటే నాటకంగా కూర్చుని రాసినవి. అవధానం వారికి ధార ఇచ్చింది, ఛందస్సును ఊపిరంత సహజం చేసింది. ఆ ధారను ఒక కథకూ, పాత్రలకూ కట్టి రచనగా నిలపడానికి సభ వెలుపలి శ్రమ కావలసి వచ్చింది. ఈ రెంటినీ కలిపి చూస్తేనే ఆ కవుల సాధన సరిగ్గా అర్థమవుతుంది.

పాట విషయం వేరు. గద్దర్, గోరటి వెంకన్న వంటి వాగ్గేయకారులకు జనం ముందు నిలబడటం కూడా రచనలో భాగమే. పాట పాడుతున్నకొద్దీ చరణాలు చేరుతాయి, ఊరును బట్టి మాట మారుతుంది, కోరస్ అందుకునేవారి గొంతును బట్టి నడక కుదురుతుంది. 2021 సంవత్సరానికి సాహిత్య అకాడమీ పురస్కారం వెంకన్న ‘వల్లంకి తాళం’కు రావడంతో, గొంతులో పెరిగిన ఈ కవిత్వానికి పుస్తక ప్రపంచం గుర్తింపు కూడా దక్కింది. వచన కవికి ఈ వెసులుబాటు లేదు. అచ్చయిన కవితలో ఒక మాట మార్చి చదివితే పొరపాటు చదివాడనుకునే వాతావరణం మనది. అందుకే పాటకుడికి వేదిక పనిచేసే చోటు అవుతుంది, వచన కవికి అది చేసిన పనిని చూపించే చోటుగానే మిగులుతుంది. వచన కవులు పాటకుల నుంచి ఈ ఒక్క స్వేచ్ఛ తీసుకోగలిగితే, అంటే పూర్తికాని కవితను పూర్తికాలేదని చెప్పి చదివి, విన్నవారి ముఖాలు చూసి ఇంటికి వెళ్ళి దిద్దుకోగలిగితే, సభ వారి రచనకు అడ్డు కాకపోగా అండ అవుతుంది.

ఇక్కడ సి. నారాయణరెడ్డిని తలచుకోకుండా ఉండలేము. హైదరాబాద్ సభలకు ఆయనకన్నా ఎక్కువ సాయంత్రాలు ఇచ్చిన కవి మరొకరు ఉన్నారంటే నమ్మడం కష్టం. అధ్యక్షత, ప్రసంగం, తన గజళ్ళను తానే పాడటం, వీటితోపాటు విశ్వవిద్యాలయంలో అధ్యాపనం, సినిమా పాటలు, తర్వాత రాజ్యసభ సభ్యత్వం. అయినా జూలై 29న, తన పుట్టినరోజుకు, కొత్త పుస్తకం తేవడాన్ని ఆయన నియమంగా పెట్టుకున్నారు. 1980లో ‘విశ్వంభర’ వెలువడింది, 1988 సంవత్సరానికి జ్ఞానపీఠం దానికే వచ్చింది. ఏటేటా వచ్చిన ఆ సంపుటాలన్నీ ఒకే స్థాయిలో ఉన్నాయని ఆయన అభిమానులు కూడా అనరు. కానీ ఆ తేదీ ఆయనను పాత కవితల మీద కూర్చోనివ్వలేదు. పిలుపులు బయటి నుంచి వస్తున్నప్పుడు వాటికి దీటుగా లోపలి నుంచి ఒక గడువు ఉండాలని ఆయన జీవితం చూపిస్తుంది. అదే పద్ధతి అందరికీ సరిపడదు. ఏడాదికొక పుస్తకం కొందరిని బతికిస్తుంది, మరికొందరి కవిత్వాన్ని పలచబరుస్తుంది.

రెండో రకం స్వభావానికి హైదరాబాద్ ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ ఉదాహరణ. ‘సుర్ఖ్ సవేరా’ 1944లో, తర్వాతి సంపుటి ‘గుల్-ఎ-తర్’ 1961లో వచ్చాయి. మధ్యలో 17 ఏళ్ళు. ఆ కాలంలో సాయుధ పోరాటం ఉంది, అజ్ఞాతవాసం ఉంది, జైలు ఉంది, శాసనసభ ఉంది, కాబట్టి ఆ విరామాన్ని ముషాయిరాల ఖాతాలో వేయలేము. గమనించవలసిన సంగతి, ఉద్యమ నజ్ముల (ఒకే విషయం మీద సాగే ఉర్దూ కవితల) కవిగా పేరుపడిన మనిషి ఆ విరామం తర్వాత గజల్ వైపు నడిచి వేరే గొంతుతో రావడం. ఏటా ఒక పుస్తకం తెచ్చి ఉంటే ఆ మార్పు వచ్చేదా అన్నది ఆలోచించవలసిన ప్రశ్న. రాయని కాలాన్ని లోటుగా లెక్కగట్టే మన అలవాటు వల్ల చాలామంది కవులు ఆ కాలాన్ని సభలతో నింపేసి, మార్పు రావలసిన చోట పాత గొంతునే గట్టిపరుచుకుంటున్నారు.

ఓపెన్ మైక్ తరానికి ఈ ఒత్తిడి మరింత తొందరగా ఎదురవుతోంది. 1980లలో చికాగోలో మొదలైన స్లామ్ పోటీల (వేదిక మీద కవితలు చదివే పోటీల) నుంచి వచ్చిన మూడు నిమిషాల గడువు ఇప్పుడు రీల్స్‌లో ఇంకా కుదించుకుపోయింది. ఇరవై రెండేళ్ళ కవయిత్రి ఒక వీడియోతో తెలిసిపోతే, ఆ తర్వాత ఎక్కడికి పిలిచినా ఆ కవితే చదవమంటారు. తన వాక్యాన్ని ఇంకా వెతుక్కోవలసిన వయసులో ఆమె ఒక వాక్యానికి బందీ అవుతుంది. ఈ యువతరం గురించి నాకు నిజంగా బెంగ ఉంది, ఎందుకంటే తెలుగులో కవిత్వం వినడానికి కొత్తగా వస్తున్న శ్రోతలు వాళ్ళ కోసం వస్తున్నవారే.

డబ్బు మాట కూడా చెప్పుకోవాలి. తెలుగు కవి పుస్తకం సాధారణంగా సొంత ఖర్చుతో అచ్చవుతుంది, అయిదు వందల ప్రతులు వేస్తే వాటిలో ఎక్కువ భాగం మిత్రులకు కానుకగా వెళ్తాయి. సభకు వెళ్తే శాలువా, జ్ఞాపిక, భోజనం ఉంటాయి, దారి ఖర్చు ఇచ్చేవారు కొందరే. రచనకు ఏ ప్రతిఫలమూ లేని చోట చప్పట్లే ప్రతిఫలమవుతాయి, అందుకే కవి పిలుపును కాదనలేడు. కాదంటే మళ్ళీ పిలవరేమోనన్న భయమూ ఉంటుంది. కాబట్టి కవులు సభలు తగ్గించుకోవాలని ఉపదేశించడం సులువు, ఆ ఉపదేశంలో వాళ్ళ స్థితి పట్ల గౌరవం లేదు.

మారవలసింది ముందుగా నిర్వాహకులు. ముప్పై మంది పేర్లతో కరపత్రం నింపడం మాని ఆరుగురిని పిలిచి ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు ఇస్తే, మొదటి అయిదు నిమిషాలు తెలిసిన కవితతో గడిచినా మిగతా సమయంలో కవి కొత్తదాన్ని తీయక తప్పదు. శాలువా డబ్బును దారి ఖర్చుగా ఇస్తే కవికి మేలు. ఉగాది పిలుపును వారం ముందు పంపితే కోయిల, మామిడి చిగురు, వేపపువ్వు తప్ప మరేమీ రావు. రెండు నెలల ముందు పంపి, ఇంకా ఎక్కడా చదవని కవితే కావాలని అడిగితే ఆ పిలుపే ఒక గడువుగా పనిచేస్తుంది. అచ్చుకాని, ముగియని రచనలు మాత్రమే చదివే గోష్ఠులు నెలకొకటి జరగాలి. వాటిలో వీడియో తీయకూడదు. తడబడే హక్కు ఉన్న చోటే కవి కొత్త మాటను ధైర్యంగా పలుకుతాడు, అది ఫోన్‌లోకి ఎక్కి ఊరంతా తిరుగుతుందని తెలిస్తే పాతదాన్నే పట్టుకుంటాడు.

కవుల వైపు నుంచి నేను అడిగేది ఒక్కటి. నిజంగా ఏమీ రాయలేకపోతున్న రోజుల్లో పిలుపు వస్తే వెళ్ళండి, కానీ మీ పాత కవితను కాకుండా వేరొకరి కవితను చదవండి. నిజామాబాద్ జైలులో ఉండి కూడా కవిత్వం మానని దాశరథిని చదవండి, కాళోజీ ‘నా గొడవ’ నుంచి చదవండి, జిల్లాల్లో ఉండి హైదరాబాద్ వేదిక దొరకని కొత్త కవిని చదవండి. మరొకరి వాక్యాన్ని గొంతెత్తి చదివినప్పుడు మన ఊపిరి మనకు అలవాటు లేని చోట ఆగవలసి వస్తుంది. మన విరుపులు, మన ముగింపులు అక్కడ పనికిరావు. ఏళ్ళుగా తన కవితల్నే అప్పజెప్పిన గొంతుకు అది కాస్త కష్టంగా ఉంటుంది, ఆ కష్టం నుంచి తిరిగి రాయడం మొదలుపెట్టడానికి అవకాశం ఉంది. శ్రోతలకు ఒక కొత్త కవి పరిచయమవుతాడు. నిర్వాహకులు ఆహ్వాన పత్రంలోనే ‘సొంత కవిత లేదా మీకు నచ్చిన మరొకరి కవిత’ అని అచ్చు వేస్తే, రాయలేదని చెప్పుకోలేక ముడుచుకుపోయే కవికి సభలో గౌరవంగా నిలబడే దారి దొరుకుతుంది. ఈ ఒక్క వాక్యం చేర్చడానికి ఏ సంస్థకూ అదనపు ఖర్చు లేదు, వచ్చే ఉగాది సమ్మేళనానికే దీన్ని చేర్చవచ్చు.