అల్యూమినియానికి తుప్పు పట్టదని ఎవరు చెప్పారు మీకు?

పొద్దున హైదరాబాద్ నుంచి వచ్చి షెడ్డు తాళం తీయగానే నా కాళ్లు చల్లబడ్డాయి. నేను సొంతంగా కట్టుకుంటున్న చిన్న అల్యూమినియం విమానం ఎడమ రెక్కకు ఆనించి పన్నెండు పొటాష్ బస్తాలు. అందులో ఒకటి చినిగింది. ఎర్రటి పొడి రెక్క మీద, స్టాండు మీద, కింద గచ్చు మీద పడింది. పొడి పడిందని మా బావ తోటలో పనిచేసే పిల్లగాడితో బోరు పైపు పెట్టి రెక్కంతా కడిగించాడట. అంతటితో ఆగినా బాగుండేది. నేను వచ్చేసరికి తళతళా మెరవాలని గిన్నెలు తోమే స్టీలు పీచుతో తోమించాడు.

ఫోన్ చేస్తే, "వాన మొగులైంది రా, బస్తాలు తడుస్తయని పెట్టిన. ఏమైతది బామ్మర్దీ, అల్యూమినియమే కదా, ఇనుమా తుప్పు పట్టనీకి?" అన్నాడు.

ఈ ఒక్క మాట ఐదేళ్లుగా వింటున్నాను. నల్లగొండలో రేకుల దుకాణం నుంచి పెళ్లి పందిరి దాకా విన్నాను. ఇప్పుడు నా చేతులు వణుకుతున్నాయి, అందుకే ఫోన్ పెట్టేసి ఇక్కడ రాస్తున్నాను.

అల్యూమినియానికి తుప్పు పడుతుంది. ఎర్రగా పట్టదు, అంతే. తెల్లగా, బూడిద చల్లినట్టు పడుతుంది. గాలి తగలగానే దాని మీద కంటికి కనబడనంత పలచటి ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది, దాన్ని కాపాడేది ఆ పొరే. ఉప్పు ఆ పొరను పొడుస్తుంది. ఉప్పులోని క్లోరైడ్ ఒక్కచోట సందు దొరికితే చాలు, సూది గుచ్చినట్టు లోపలికి దిగుతుంది. ఇంట్లో వంట గిన్నె మందంగా ఉంటుంది, నాలుగు గుంటలు పడ్డా పులుసు కారదు. నా రెక్క రేకు మందం 0.4 మిల్లీమీటర్లు. అందులో గుంట పడితే ఇక మిగిలేదెంత?

మరి పొటాష్ అంటే ఏంటి? పొటాషియం క్లోరైడ్. మన వంటింటి ఉప్పుకు తోడబుట్టినదే. "మనకు సముద్రం ఎక్కడుంది, మచిలీపట్నం వాళ్లు భయపడాలి గానీ" అని నాకు చెప్పినవాళ్లు లెక్కలేనంత మంది. బత్తాయి తోటకు తెచ్చిన సముద్రాన్ని బస్తాల్లో కట్టి నా రెక్క పక్కన పెట్టారు కదా! పొడిగా పడి ఉంటే మెత్తటి బ్రష్‌తో దులిపేసేవాణ్ణి. నీళ్లు పోశారు. కరిగింది. రేకు మీద రేకు ఎక్కే అతుకుల్లోకి దిగింది. ఆ సందులో ఒకసారి తడి చేరితే ఎండాకాలం దాకా ఆరదు. పైన మెరుస్తుంటుంది, లోపల తింటుంటుంది. తిన్నచోట పుట్టే తెల్లపొడికి లోహం కంటే ఎక్కువ జాగా కావాలి, అందుకే రివెట్‌కూ రివెట్‌కూ మధ్య రేకు దిండులా ఉబ్బుతుంది. ఉబ్బు కనబడే నాటికి చేయగలిగింది పెద్దగా ఉండదు.

స్టీలు పీచు సంగతి చెప్పాలి. దాని తునకలు మెత్తటి అల్యూమినియంలో దిగబడిపోతాయి. రెండు వేర్వేరు లోహాలు, మధ్యలో ఉప్పునీరు, ఇక బ్యాటరీ కావడానికి ఇంకేం తక్కువ? ఆ బ్యాటరీలో ఎప్పుడూ తినబడేది అల్యూమినియమే. విమానాల్లో స్టీలు బోల్టులకు కాడ్మియం పూత వేసేది ఊరికే కాదు.

నన్ను అన్నింటికంటే ఎక్కువ కాల్చింది మాత్రం పెన్సిల్. మూడేళ్ల కిందట తోకభాగం రేకులు కత్తిరించడానికి ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో ఇచ్చాను. మార్కర్ పెన్నుతోనే గీయండి, పెన్సిల్ ముట్టుకోవద్దు అని రెండుసార్లు చెప్పాను. పెన్సిల్‌తో గీశారు. పెన్సిల్‌లో ఉండేది గ్రాఫైట్, అల్యూమినియం పక్కన అది పెద్ద రాక్షసి. ఒక్క వానాకాలం గడిచేసరికి ప్రతి గీతా రేకులోకి చెక్కినట్టు దిగింది. "హోల్ నం. 14" అని రాసింది ఇప్పటికీ వేలితో తడిమి చదవచ్చు. రెండు రేకులు పారేశాను. "పెన్సిల్ గీతకు ఇంత లొల్లి ఎందుకు సార్" అన్నారు, డబ్బులు మాత్రం పూర్తిగా తీసుకున్నారు.

ప్రైమర్ అడిగితే రెడ్ ఆక్సైడ్ ఇస్తారు. అది ఇనప గేటుకు కొట్టేది అయ్యా! అల్యూమినియానికి కావాల్సింది పసుపు రంగు జింక్ క్రోమేట్, లేదంటే మంచి ఎపాక్సీ. ముందు నూనె జిడ్డు తుడవాలి, మెత్తటి నైలాన్ ప్యాడ్‌తో గరుకు చేయాలి, మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి, ఆపైన పలచగా ఒక పూత. క్రోమేట్ క్యాన్సర్ తెచ్చేది, మాస్క్ లేకుండా స్ప్రే చేయకూడదు. అన్నీ మూసేశాక పైన రంగు ఎంత వేసినా లాభం లేదు, రివెట్ కొట్టకముందే అతుకు రెండు వైపులా పూయాలి. బరువు పెరుగుతుందని కొందరు మానేస్తారు. నేను ఆ పని చేయను. నా ఎడమ రెక్క కింది అతుకులు పూత వేసి మూశాను, పైవి వేయకముందే క్లీకోలనే స్ప్రింగు పిన్నులతో తాత్కాలికంగా బిగించి హైదరాబాద్ వెళ్లాను. సరిగ్గా వాటిలోకే నీళ్లు దిగాయి.

"ఇంత చిన్న విమానానికి ఇంత జాగ్రత్తా?" అంటారు. 1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737కు ఆకాశంలోనే ముందుభాగం పైకప్పు ఎగిరిపోయింది. పంతొమ్మిదేళ్ల విమానం, దీవుల మధ్య ఉప్పుగాలిలో 89 వేలకు పైగా ట్రిప్పులు తిరిగింది. అతుకుల్లో జిగురు ఊడింది, తడి చేరి తుప్పు పట్టింది, రివెట్ రంధ్రాల దగ్గర పగుళ్లు పెరిగి కలిసిపోయాయి. ఒక ఎయిర్ హోస్టెస్ గాల్లోకి కొట్టుకుపోయింది. నాది గాలి నింపే క్యాబిన్ కాదు, అలా పేలదు, నాకు తెలుసు. కానీ అతుకు అతుకే.

అసలు నాకు మంట పుట్టించేది ఆ బోరు నీళ్లు. "నీళ్లు తేటగ ఉన్నయి కదరా, ఏమైతది" అన్నాడు బావ. ఈ మాట మన నల్లగొండ జిల్లాలో ఎవరూ అనకూడదు. మా నాయనమ్మది మర్రిగూడ వైపు. నాకు ఊహ తెలిసేనాటికే ఆమె నడుము వంగిపోయింది, మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పేది. ఆ నీళ్లూ తేటగానే ఉండేవి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడ్ ఎంత దాటిందో కంటికి ఎలా కనబడుతుంది? 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ పచ్చబడ్డాయి. మన జిల్లా అంచునే కృష్ణ పారుతుంటే ఎత్తు మీదున్న మునుగోడు, మర్రిగూడ పల్లెలు దశాబ్దాల పాటు బోరు నీళ్లే తాగాయి. ఎముకలు వంగాక గానీ ఎవరూ నమ్మలేదు. రేకును తినేది ఫ్లోరైడ్ కంటే క్లోరైడే ఎక్కువ, ఆ తేడా నాకు తెలుసు. కానీ "తేటగా ఉంది, ఏమైతది" అనే మాట మాత్రం అదే మాట. నాయనమ్మను చూసిన ఇంట్లోనే ఆ మాట వినాల్సి వచ్చింది.

మధ్యాహ్నం నుంచి పని మొదలుపెట్టాను. బస్తాలు వరండాలోకి మోయించి టార్పాలిన్ కప్పాను. క్లీకోలన్నీ తీసి, పైరేకు విప్పి, ఆర్‌వో నీళ్లతో మూడుసార్లు కడిగి ఫ్యాన్ కింద పెట్టాను. పీచు గీతలు నైలాన్ ప్యాడ్‌తో ఒక్కొక్కటే తీస్తున్నాను. కింది అతుకులో తొంభై రివెట్లు ఉన్నాయి. పూత ఉంది కాబట్టి బతికిందేమో, కానీ నమ్మలేను. రేపు పొద్దున అవి కూడా డ్రిల్ చేసి తీస్తున్నాను.

బావా, నువ్వు ఈ పోస్ట్ చూస్తావని తెలుసు. రేపు ఆరింటికి రా. డ్రిల్లు నేను పడతాను, టార్చి నువ్వు పట్టు. ఆ అతుకు విప్పినప్పుడు లోపల ఏముందో నీ కళ్లతో చూడు.