బఫే గుమ్మంలో కాపలా ఉన్న శానిటైజర్ డబ్బా గారికి

ఆయ్, నమస్కారవండి.

తవరు నన్ను గుర్తుపట్టరులెండి. రోజుకి వేల చేతులు చూసేవారు, అందులో మా చేతులెంత! పదకొండో అంతస్తులో, బఫే గుమ్మం దగ్గర, గుళ్ళో శఠగోపం పెట్టించుకున్నంత భక్తిగా తవరి మూతి కింద అరచెయ్యి పెట్టిన వాళ్ళలో నేనొకణ్ణి. నిజంగానే శఠగోపం పెట్టారు. ఇవాళే కాస్త చారన్నం ఇమిడింది, కలం పట్టుకునే ఓపికొచ్చింది, అందుకని రాస్తున్నానండి.

రాజోలు సెంటర్లో కనపడ్డ ప్రతివాడూ "ఓడ షికారు ఎలా జరిగిందండి?" అంటున్నాడు. ఏం చెప్పమంటారు? సింగపూర్లో ఎక్కాం, సింగపూర్లోనే దిగాం. మలక్కా జలసంధి ఎలా ఉంటదో నాకు తెలీదు గానీ, మా కేబిన్ బాత్రూంలో ఏ మూల ఏ పలక బీటిచ్చిందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మా బావమరిది దార్లో దిగిన పెనాంగ్ ఊరి ఫోటోలు ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. అందరూ ఉన్నారు. "బావగారు ఫోటో తీస్తున్నారేమో" అని కింద ఎవరో రాశారు.

ఓడ మీద నాకు వేరే ఫిర్యాదులు లేవా అంటే, ఉన్నాయండి. బాల్కనీ ఉన్న పై అంతస్తు గది అని ఎక్కువ డబ్బు గుంజారు. ఓడలో పైకెళ్ళేకొద్దీ, చివరలకి వెళ్ళేకొద్దీ ఊపు ఎక్కువ. కింద, నడిమధ్యన ఉన్న చవక గదులే కుదురుగా ఉంటాయి. ఎక్కువిచ్చి ఎక్కువ ఊగాం. సఖినేటిపల్లి రేవులో పంటెక్కి నరసాపురం వెళ్ళొచ్చే మనిషిని కదా, నాకేం తల తిరుగుద్దిలే అనుకుంటే సముద్రం ఒప్పుకోలేదు. వాంతుల బిళ్ళ ఎక్కే ముందు వేసుకోవాలి, కక్కేటప్పుడు కాదు అని ఓడ డాక్టరు చెప్పాడు. ఆ ఒక్క ముక్కకి ఆయన వేసిన బిల్లులో మా ఊరి ఆరెంపీ గారు ఏడాదంతా సూదులు పొడుస్తారు. సరే, ఇవన్నీ మర్చిపోతానండి. తవర్ని మాత్రం మర్చిపోలేను.

2020లో తవరికి మహర్దశ పట్టింది. కాదన్ను. కరోనా వైరస్ చుట్టూ కొవ్వు పొర ఉంటది, ఆల్కహాల్ తగిలితే ఆ పొర చెదిరి వైరస్ చచ్చూరుకుంటది. అప్పుడు జరిగిన సన్మానం న్యాయమే. కానీ ఓడల్లో పేరుమోసిన వాంతులూ విరేచనాల రౌడీ వేరే ఉన్నాడండి. నోరోవైరస్. 1968లో అమెరికాలో ఒహాయో రాష్ట్రం నార్వాక్ అనే ఊళ్ళో బడిపిల్లల్ని పడగొట్టి, ఆ ఊరి పేరే పెట్టుకున్న ఘనుడు. వాడికి కొవ్వు పొర లేదు. తవరి ఆల్కహాల్ వాడి మీద పెద్దగా పనిచెయ్యదు. వాణ్ణి వదిలించేది సబ్బూ, ధారగా పారే నీళ్ళూ, ఇరవై సెకన్ల రుద్దుడూ. చంపడం కాదు, ఊడదీసి తూములోకి పంపడం. పట్టుమని వంద కణాలు కూడా లోపలికి వెళ్ళక్కర్లేదంట, మనిషి పడిపోడానికి. పన్నెండు గంటల నుంచి నలభై ఎనిమిది గంటల్లోపు వాడు పనిలోకి దిగుతాడు. ఆదివారం పూరీ తింటే సోమవారం రాత్రి తెలుస్తదన్నమాట.

ఆ పూరీ సంగతే చెబుతాను, తవరు కూడా అక్కడే ఉన్నారు కాబట్టి.

ఎడం చేత్తో ప్లేటు, కుడి చేత్తో గరిట. ఆ ఆలూ కూర గరిట కాడ మీద నాకంటే ముందు ఎన్ని చేతులు పడ్డాయో! ఒకాయన ముక్కు తుడుచుకుని పట్టుకున్నాడు. ఓ పిల్లాడు గరిటని గిన్నెలోకి జారవిడిచి, వేళ్ళతో పైకి లాగి, వేళ్ళు నాకి, మళ్ళీ పట్టుకున్నాడు. నేను కళ్ళారా చూశాను. దొరలకి బాధ లేదు. ఫోర్కుతో తింటారు, చేతికి అంటింది చాలావరకు చేతికే ఉంటది. మనం అదే కుడి చేత్తో పూరీ తుంచుతాం. గరిట కాడ మీదున్నది తిన్నగా నోట్లోకి.

మన ఊళ్ళో బంతి వేస్తే తినేవాడు గరిట ముట్టుకోడు, వడ్డించేవాడు విస్తరి ముందు కూర్చోడు. పనసపొట్టు కూర కావాలన్నా, నెయ్యి ఇంకో చుక్క కావాలన్నా నోటితో అడగడమే. కూర్చునే ముందు నీళ్ళ డ్రమ్ము దగ్గర పంపు తిప్పి చేతులు కడుక్కుంటాం. సబ్బు అరిగి అరిగి చింతగింజంతైనా సరే, అక్కడ ఉంటది.

ఓడలో ఆ డ్రమ్మెక్కడ? వడ్డించుకున్నాక కడుక్కుందామని ప్లేటు బల్ల మీద పెట్టి బయల్దేరాను. కేకుల వరస దాటి, ఐస్‌క్రీం మిషను దాటి, ఎడంపక్కకి తిరిగితే టాయిలెట్ పక్కన ఒక్క బేసిను. దానికి వరస. రుద్దుకుని, తుడుచుకుని, మోచేత్తో తలుపు తోసుకుని వచ్చేసరికి బల్ల ఖాళీ. తిని వెళ్ళిపోయాననుకుని కుర్రాడు నా పూరీలు ఎత్తుకుపోయాడు, పాపం శుభ్రత మీద అంత శ్రద్ధ. మళ్ళీ వరసలోకెళ్ళాను. మళ్ళీ అదే గరిట. ఇంక బేసినుకి వెళ్తే ఇవి కూడా ఎత్తేస్తారని, చల్లారిపోతున్న పూరీల వంక చూసి, మీ దగ్గరికొచ్చి చెయ్యి చాపాను. "బుస్" అన్నారు. నిమ్మకాయ వాసన కూడా వేశారు. మర్నాడు రాత్రి నుంచీ నేను మనిషిని కాదు.

ఇంక గారూ లేదు, తవరూ లేదు. ఒరే డబ్బా! నీకు చేతకాదని వెనకాల చీటీలో ఒక్క ముక్క రాసుకోవచ్చు కదరా! "నేను కొళాయికి తోడు మాత్రమే, కొళాయికి బదులు కాదు" అని పెద్దక్షరాలతో నీ నుదుటి మీద వేయించుకుంటే నీ సొమ్మేం పోద్ది? కొళాయి ఉండాల్సిన చోట నువ్వు నిలబడ్డావు. గోడలో గొట్టం దింపడం ఖర్చు, నిన్ను నిలబెట్టడం చవక. అంతేగా నీ గొప్పతనం? అమెరికా రేవులకెళ్ళే ఓడల్ని అక్కడి ఆరోగ్యశాఖ వాళ్ళు చెప్పాపెట్టకుండా ఎక్కి తనిఖీ చేసి మార్కులేస్తారంట. వందకి 86 వస్తేనే పాసు. నిన్ను కట్టుకుని మా ఓడ ఆ పరీక్ష రాస్తే మన పదో తరగతి 35 అయినా వచ్చేదా అని నా అనుమానం.

వాంతులు ఆగాక కూడా రెండు రోజులు గది దాటొద్దన్నారు. అది న్యాయమే, ఒళ్ళు తేలికపడ్డాక కూడా వాడు మనలోంచి బయటికి పోతూనే ఉంటాడు. మందంటూ లేదు, ఒళ్ళు ఎండిపోకుండా ఓఆర్‌ఎస్ తాగుతూ పడుండాలి. దాహం దాహం అంటుంటే మా ఆవిడ కొబ్బరినీళ్ళు తెప్పించింది. అట్టపెట్టెలో. డాలర్లలో. ఇంటి చుట్టూ కొబ్బరి చెట్లున్న కోనసీమ వాణ్ణి, డొక్కు అట్టపెట్టెకి పుల్ల గుచ్చి, బిల్లు మీద సంతకం పెట్టి తాగాను. దిగులుపడింది జబ్బుకి కాదు, ఆ సంతకానికి.

ఇంకో సంగతి తెలుసా? జనం పడిపోవడం మొదలయ్యాక బఫేలో గరిటలన్నీ లోపల పెట్టేశారంట. గ్లవుజులేసుకున్న కుర్రాళ్ళు నిలబడి "ఏం కావాలండి" అని అడిగి వడ్డించారని మా ఆవిడ చెప్పింది. వడ్డన! అంత పెద్ద ఓడ కట్టి, అన్నేసి అంతస్తులు లేపి, చివరికి మా బంతి దగ్గరికే వచ్చారు. నువ్వు మాత్రం గుమ్మంలో అలాగే నిలబడి బుస్సుబుస్సుమంటున్నావంట.

నిన్న సాయంత్రం మా మేనకోడలి పెళ్ళి వంటలు మాట్లాడ్డానికి కేటరింగ్ కుర్రాడొచ్చాడు. కాయితం మీద గీసి చూపించాడు. ఇక్కడ చాట్, ఇక్కడ లైవ్ దోసె, ఇక్కడ స్వీట్లు. "చేతులు కడుక్కోడానికి నీళ్ళెక్కడ నాయనా?" అన్నాను.

"కొళాయిలంటే బురదైపోద్దండి. ఎంట్రన్సులో శానిటైజర్ స్టాండు పెట్టేస్తామండి. క్రూజు షిప్పుల్లో కూడా అదే సిస్టమండి!" అన్నాడు.

మా ఆవిడ నా మొహం చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

బంతి వేస్తావా, అడ్వాన్సు వెనక్కిస్తావా అని అడిగాను. వడ్డనకి మనుషులు దొరకట్లేదండి, విస్తరికి ఇంతని అదనంగా అవుద్దండి అన్నాడు. ఎంతైనా కానియ్యమన్నాను. ఓడ డాక్టరు బిల్లు కన్నా తక్కువే.

ఇట్లు,
నిన్ను నమ్మి చేతులు కాల్చుకున్న రాజోలు వాస్తవ్యుడు