సవరణ: ఆంధ్రా యూనివర్సిటీ తొలి వైస్ ఛాన్సలర్ కట్టమంచి

ఆంధ్రా యూనివర్సిటీ విశాఖలోనే పుట్టిందనీ, తొలి వైస్ ఛాన్సలర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ అనీ మొన్న రాశాను. రెండూ తప్పే, క్షమించండి. 1926లో అది బెజవాడలో మొదలైంది, విశాఖలోని వాల్తేరుకు మారింది 1930లో. తొలి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో ప్రభుత్వ అణచివేతకు నిరసనగా 1930లో ఆయన రాజీనామా చేసి బయటికొచ్చారు. కుర్చీని అలా వదులుకున్న మనిషి పేరే నేను ఎగరగొట్టేశాను, అదే ఎక్కువ బాధగా ఉంది. రాధాకృష్ణన్ వచ్చింది 1931లో. 1936లో ఆయన ఆక్స్‌ఫర్డ్ వెళ్లాక మళ్లీ కట్టమంచివారే వచ్చి 1949 దాకా నడిపారు. ఇప్పటి ఒడిశాలోని జయపురం మహారాజా విక్రమదేవ వర్మ పేరుతో అక్కడ సైన్సు కాలేజీ పెట్టారని రాసిన మాట మాత్రం సరైనదే.